ఏడాదికొక్క మాట

పచ్చయమ్మ మోకాళ్లు ముప్పై అయిదో ఏటికే మొరాయించాయి. మేలకుప్పం అనే ఆ జాలరి పల్లెలో ఇది ఎవరూ పట్టించుకునే సంగతి కాదు. చేపల గంప నెత్తిన పెట్టుకుని, పిక్కల దాకా బురదలో నడిచి పడవెక్కి, పులికాట్ సరస్సు దాటి పళవేర్కాడులో దిగి, అక్కడ బేరం కుదరకపోతే పొన్నేరి సంత దాకా పోయే ఆడవాళ్లెవరికీ మోకాళ్లు బాగుండవు. పొన్నేరికి బస్సు వేశారన్న మాటే గానీ, చేపల గంప చూడగానే ముక్కు మూసుకుని కాదు పొమ్మనే కండక్టర్లే ఎక్కువ. సగం రోజులు నడకే. ఆ నడకలో ఆమె ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. పొగరు అనుకున్నవాళ్లు అనుకున్నారు. నిజానికి ఆమెకు ఓపిక లేదు, అంతే.

ఆమె పుట్టింది సరస్సు మీద కాదు, కాలువ మీద. ఎన్నూరుకి ఈవల బకింగ్‌హాం కాలువ గట్టున ఆరు గుడిసెలుండేవి, అందులో ఒకటి వాళ్లది. తండ్రి కట్టెల పడవలకు తాడు లాగేవాడు. శ్రీహరికోటలో సరుగుడు కట్టెలు నింపుకుని మద్రాసు పోయే పడవల్ని కాలువలో మనుషులే గట్టు మీద నడుస్తూ భుజానేసుకుని లాగాలి. కాలువ వచ్చి సరస్సులో కలిసిన చోట గట్టు అయిపోతుంది. అక్కడి నుంచి తెరచాప ఎత్తి గాలి కోసం కూర్చోవడమే. గాలి లేకపోతే ఒక రోజు, రెండు రోజులు, నీళ్ల నడుమ ఊరికే. కాలువలో అడుగు వేస్తే అడుగు దూరమన్నా తరుగుతుందనీ, ఈ సరస్సులో ఏం చేసినా తరగదనీ తండ్రి విసుక్కునేవాడు. అంత విసుగు పడ్డవాడే, పదిహేడేళ్ల కూతుర్ని తెచ్చి సరిగ్గా ఆ సరస్సు నడుమ కుప్పంలో ఇచ్చాడు.

మొగుడు ఏకాంబరం చూడ్డానికి బాగుండేవాడు. మాట తీపి, చేత్తో పని తక్కువ. వల కట్టమంటే ఆవులించేవాడు గానీ, దక్షిణంగా కట్టెల పడవ పోతుంటే మాత్రం ఒడ్డున నిలబడి అది చుక్కంత అయ్యేదాకా చూసేవాడు. అయినా పెళ్లి అయింది కనుక కుప్పంలో అతనికీ ఒక వంతు వచ్చింది.

ఈ వంతే ఇక్కడ అన్నం. సరస్సు చూడబోతే ఎటు చూసినా నీళ్లే, కానీ రొయ్య బాగా పడేది సముద్రం వచ్చి కలిసే మొగ దగ్గర, నాలుగు వలలు పట్టేంత మేరలోనే. అక్కడ అందరూ ఒక్కసారి వల కట్టే కర్రలు పాతితే తలలు పగులుతాయి. అందుకని వంతులు. పెళ్లయిన ప్రతి మగవాడికీ ఒక తాటాకు ముక్క ఉంటుంది, దాని మీద ఆ ఇంటి గుర్తు. అరవ లెక్కలో ఏడాది మొదలయ్యే చిత్తిర నెల మొదటి రోజు పొద్దున ఆ ముక్కలన్నీ కుండలో వేసి చీట్లు తీసి, ఏడాదికంతా ఎవరి తర్వాత ఎవరో తేల్చేస్తారు. చీట్లకు ముందు కుప్పం పెద్ద పేర్లు పిలుస్తాడు. పేరు గలవాడు "ఉండా" అనాలి. ఊళ్లో లేకపోతే అతని పెళ్లాం వెనక వరసలోంచి "ఉండాడు" అనాలి. ఆ సభలో ఆడది నోరు విప్పేది ఆ ఒక్క మాటకే. మొగుడు చనిపోయిన ఆడదానికి వంతు లేదు. ఏడాది పాటు ప్రతి వంతుకీ ఒక గంప సన్న చేపలు ఇస్తారు, ఆపైన అదీ ఉండదు. శవం దొరకని వాడి సంగతి మాత్రం పెళ్లాం నోటి మాటే ఖాయం. ఆమె లేడనేదాకా అతను ఉన్నట్టే.

పెళ్లయిన తొమ్మిదో ఏట, వానలు పట్టే ఐప్పసి నెలలో, పీతల వలలు చూసొస్తానని సాయంత్రం చిన్న పడవలో ఒక్కడే పోయిన ఏకాంబరం తిరిగి రాలేదు. మర్నాడు మొగ దగ్గర పడవ బోర్లా తేలుతూ కనబడింది. కుప్పమంతా మూడు రోజులు వెతికారు. మొగలో పడ్డదాన్ని సముద్రం తీసుకుపోతుంది గనక నాలుగో రోజు మానేశారు. అతని తల్లి కాత్తాయి మాత్రం ఏడవలేదు. నా కొడుకు మునిగేవాడు కాదు, వాడికి అంత నీళ్లలోకి దిగే ఓపికే లేదు అని వచ్చినవాళ్లందరికీ చెప్పి పంపేసింది. పాపం ముసల్దానికి మతి చలించింది అనుకున్నారు.

అయిదు నెలలు పోయాక దేశప్ప చెప్పాడు. దేశప్ప కట్టెల పడవ నడిపే సారంగు, పచ్చయమ్మ తండ్రితో కలిసి తాడు లాగినవాడు. మద్రాసులో బేసిన్ బ్రిడ్జి దగ్గర కట్టెల అడితిలో ఏకాంబరాన్ని కళ్లారా చూశాడట. పడవను తనే బోర్లించి, దారినపోయే వేరే పడవ ఎక్కేశాడు. అక్కడ ఇడ్లీలమ్ముకునే ఒకామెతో ఉంటున్నాడు. చెప్పేటప్పుడు దేశప్ప తలెత్తలేదు. పచ్చయమ్మ గంప దించి నీళ్లలో మొహం కడుక్కుంది, ఇంకెవరికీ చెప్పొద్దని మాట తీసుకుంది, గంప ఎత్తుకుని సంతకు పోయింది. సరుకు ఎండకు పాడైతే మళ్లీ రాదు గదా.

ఎందుకు దాచిందంటే, మొగుణ్ని నీళ్లు మింగాయన్న ఆడదాన్ని ఊరు జాలిగా చూస్తుంది, మొగుడు వదిలేసి పోయిన ఆడదాన్ని తేరిపార చూస్తుంది. ఆ చూపు ఆమెకు వద్దు. రెండోది వంతు. ఊరొదిలి పోయినవాడికి వంతు ఉంటుందా అంటే, పెద్దలు కూర్చుంటే ఏమంటారో ఆమెకు తెలియదు. కూర్చోబెట్టే ఉద్దేశమూ ఆమెకు లేదు. సభలో అడిగేది ఒకటే: మనిషి ఉన్నాడా, లేడా. ఎక్కడున్నాడని ఎవరూ అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పకపోవడం అబద్ధం కాదు కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఇందులో కొంచెం మోసం ఉందని ఆమెకూ తెలుసు. కానీ అబద్ధం లేదు. ఆ తేడా పట్టుకునే ఏడేళ్లు బతికింది.

దానికోసం ఒక నియమం పెట్టుకుంది. చిత్తిర నెలకు ముందు దేశప్ప పడవ మద్రాసు నుంచి తిరిగొచ్చేటప్పుడు ఇసుక మేట దగ్గర కాపు కాసి, చూసినావా అన్నా అని అడిగేది. చూసినా అని అతనంటే అప్పుడు వచ్చి సభలో "ఉండాడు" అనేది. ఏడేళ్లు ఏడుసార్లు. ప్రతిసారీ నిజమే చెప్పింది. ప్రతిసారీ ఆడవాళ్లు ఒకరి భుజం ఒకరు గిల్లుకున్నారు.

అది తేలికైన బతుకు అనుకోకండి. ఉన్నవాడి పెళ్లాం గనక బొట్టు పెట్టుకోవాలి, పండక్కి పూలు పెట్టుకోవాలి. పెట్టుకుంటే, ఈమెకు సిగ్గు లేదే అని నీళ్ల దగ్గర విసురు. పెట్టుకోకపోతే, చూశావా, మనసులో తెలుసు అని ఇంకో విసురు. వంతు రోజున ఏకాంబరం బదులు అతని తమ్ముడు కన్నియప్ప వల కట్టేవాడు, పడ్డదాంట్లో సగం తెచ్చి గుమ్మంలో దించేవాడు. మంచివాడే, నోట్లో నాలుక లేనివాడు. మొదటి కర్ర పాతేముందు, అన్న పోయిన చోటని, దోసెడు నీళ్లు తీసి కళ్లకద్దుకుని మొక్కేవాడు. ఒక రోజు అది పచ్చయమ్మ చూసింది. పిలిచి చెప్పేద్దామా అనుకుంది. ఆ రోజు గంప బరువుగా ఉంది, అత్తకు జ్వరంగా ఉంది, రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు ఏడేళ్లు రాలేదు.

ఎనిమిదో ఏడు దేశప్ప పడవ వేళకు రాలేదు. కాలువ పూడిపోతోంది, లాకుల దగ్గర ఎవరూ పట్టించుకోవడం లేదు, కట్టెలన్నీ లారీలెక్కుతున్నాయి. ఇదివరకు రోజుకి పది తెరచాపలు కనిపించే చోట వారానికి రెండు కనిపిస్తే గొప్ప. పచ్చయమ్మ సంత నుంచి వచ్చి నాలుగు రోజులు వరసగా ఇసుక మేట మీద ఎండలో కూర్చుంది. కొంగలు, బురద, కళ్లు మండించే తెల్లటి నీళ్లు. మొగుడి కోసం ఎన్నడూ ఇంతసేపు ఎదురుచూడలేదు గదా అని ఆమెకే నవ్వొచ్చింది.

చీట్లకు ముందు రోజు మధ్యాహ్నం దాటాక దేశప్ప పడవ వచ్చింది. ఎన్నూరు దగ్గర బురదలో మూడు రోజులు దిగబడిపోయిందట. పడవ ఆపి అతను మోకాలి లోతు నీళ్లలోకి దిగి నడిచి వచ్చాడు. ఎప్పుడూ పడవలోంచే చెయ్యి ఊపి చెప్పేవాడు.

"చూసినావా అన్నా?"

"కూర్చో తల్లీ."

"కూర్చుంటే మళ్లీ లెయ్యలేను. చెప్పు."

"లేడమ్మా. మొన్న మాసి నెల్లో పొయ్యినాడు. కామెర్లు. పసరేదో తాగించినారంట, పట్టలా."

కొరివి ఎవరు పెట్టారని అడిగింది. ఆ ఇడ్లీలామె అన్న పెట్టాడట. సరే అంది.  తను ఏడుస్తుందేమోనని పచ్చయమ్మ ఎదురుచూసింది గానీ ఏడుపు రాలేదు. అలసటే వచ్చింది, మామూలుగా సాయంత్రం వచ్చేదే, ఇంకాస్త ఎక్కువగా.

"రేపే గదా మీ చీట్లు," అన్నాడు దేశప్ప గొంతు తగ్గించి. "నా నోటి నుంచి రాదు తల్లీ. పడవలోవాళ్లకి గూడా తెలీదు. నువ్వూ ఆ ముసలామే బతకొద్దా? ఎప్పటి మాదిరే అనెయ్."

పచ్చయమ్మ కూడా అదే అనుకుంది. ఇంటికొచ్చి అంబలి కాచింది, అత్తకు పోసింది, తను తాగింది. కాత్తాయికి కళ్లు దాదాపు పోయాయి, తడుముకుంటూ వలలు కుట్టి ఇస్తుంది. ఆ ముసలిచేతులు చూసినప్పుడల్లా పచ్చయమ్మకు నిర్ణయం గట్టిపడింది. ఇన్నేళ్లు నిజం చెప్పి కూడా అబద్ధాలకోరుగా పేరు పడ్డాను, ఒక్కసారి అబద్ధం చెబితే కొత్తగా పోయేదేముంది అనుకుంది. పొద్దున లేచి బొట్టు పెట్టుకోబోయి ఒక్క క్షణం ఆగి, పెట్టుకునే పోయింది.

సభ అమ్మవారి గుడి పక్కన ఇసుకలో. మగవాళ్లు కూర్చుంటారు, ఆడవాళ్లు వెనక నిలబడతారు. పేర్లు మొదలవకముందు కుప్పం పెద్ద తణికాచలం ఆమెను పక్కకు పిలిచాడు. డెబ్బై ఏళ్ల మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు.

"ఈసారి కుర్రోళ్లు గొణుగుతాండారమ్మా, చచ్చినోడికి వంతేందని. నేను సర్దినాలే. నువ్వు ఎప్పటి మాదిరే ఆ మాట అనేసి పో. మిగతాది నేను చూసుకుంటా."

"చచ్చినోడని ఎవురు చెప్పినారు మామా?"

ఆయన ఆమెకేసి జాలిగా చూశాడు. "ఎవురో చెప్పాల్నా తల్లీ? ఏడేళ్లుగా తెలిసే గదా మేమంతా ఊరుకున్యాం. ఇద్దరు ఆడోళ్లు, మగదిక్కు లేదు. పోనీలే, తిన్నీలే అనుకున్యాం."

మంచి మాటే. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ పచ్చయమ్మకు ఒళ్లంతా మండింది. ఏడేళ్లుగా తను తింటున్నది తన వంతు అనుకుంది. అది న్యాయంగా తనదని, అందుకోసమే ఏటా ఎండలో కూర్చుని అడిగి మరీ వచ్చి చెబుతున్నానని అనుకుంది. వీళ్లేమో దానం చేశామనుకుంటున్నారు. ఇవాళ తను ఆ మాట అంటే వీళ్లనుకున్నదే నిజమవుతుంది. చచ్చినవాడి పేరు చెప్పి అడుక్కున్నదాన్నవుతాను అనుకుంది. వరసలోకి వెళ్లి నిలబడింది. ఇంకా నిర్ణయం మారలేదు. అత్త చేతులే కళ్లముందున్నాయి.

పేర్లు మొదలయ్యాయి. ఉండా, ఉండా, ఉండా. ఒకడు నిద్రమత్తులో అనడం మరిచిపోతే పక్కవాడు పొడిచాడు, నవ్వారు.

"పొన్నుసామి కొడుకు ఏకాంబరం."

ముందు వరసలో కన్నియప్ప తల వంచుకున్నాడు. ఆడవాళ్లు మామూలుగా ఎదురుచూశారు. తణికాచలం అయితే అప్పుడే తర్వాతి పేరు కోసం నోరు తెరిచి ఉన్నాడు.

"లేడు," అంది పచ్చయమ్మ.

 ఆడవాళ్ల వరసలోంచి ఒక నిట్టూర్పు. ఇన్నాళ్లకు మనసు రాయి చేసుకుంది పాపం అని ఒకామె కొంగుతో కళ్లొత్తుకుంది. తణికాచలం కూడా బరువు దిగినవాడిలా ఊపిరి పీల్చుకున్నాడు. ఇక కర్మకు ఒక రోజు పెట్టాలి, అది ఆనవాయితీ.

"సరేనమ్మా. పడవ బోర్లాపడిన రోజే పెట్టుకుందాం. ఐప్పసి నెల గదా."

"కాదు మామా. మాసి నెల."

"మాసి ఏందమ్మా? ఏ మాసి?"

"ఈ మాసే. ఇప్పుడు పొయ్యిన మాసి."

లెక్క కట్టడానికి వాళ్లకు కొంచెం సేపు పట్టింది. ముందు కుర్రాళ్లకు అర్థమైంది, ఆపైన పెద్దవాళ్లకు. ఆడవాళ్ల వరస అలా ఒక్క అడుగు వెనక్కి జరిగినట్టయింది. ఏడేళ్లుగా ఆమె తప్పించుకుంటూ వచ్చిన ఆ చూపు అందరి మొహాల్లోనూ ఒక్కసారే వచ్చింది. పచ్చయమ్మ దాన్ని చూసింది. ఇంతేనా అనిపించింది.

కన్నియప్ప లేచి నిలబడ్డాడు. "అట్లయితే నేను ఇన్నేళ్లు ఎవురికి మొక్కినా వొదినే?"

గట్టిగా అనలేదు.  తప్పు నాదే కన్నియప్పా అంది పచ్చయమ్మ. అతను ఇంకేమీ అడగకుండా జనం మధ్యలోంచి నడుచుకుంటూ నీళ్లవైపు వెళ్లిపోయాడు, తన పేరు ఇంకా పిలవనే లేదు.

తణికాచలం కుండలో చెయ్యి పెట్టి, తడిమి, ఏకాంబరం ఇంటి గుర్తున్న తాటాకు ముక్క తీసి రెండుగా విరిచాడు. ఏడాది పాటు సన్న చేపల గంప వస్తుందని రివాజు ప్రకారం చెప్పాడు. కోపంగా చెప్పలేదు. మొహం మాత్రం పొద్దుటికంటే ముసలిదైపోయింది. తర్వాతి పేరు పిలిచాడు.

పచ్చయమ్మ అక్కడ నిలబడలేదు. కుప్పంలో మాట కాళ్లకంటే ముందు పోతుంది. తను చెప్పకముందే ఎవరో వచ్చి గుమ్మంలో అరుస్తారని భయపడి, ఇసుకలో ఎంత వేగంగా నడవగలిగితే అంత వేగంగా ఇంటికి పోయింది. కాత్తాయి చూరు కింద కూర్చుని చిరిగిన వల ఒళ్లో వేసుకుని తడుముతోంది.

"అనేసి వచ్చినావా?"

"అనేసి వచ్చినా అత్తా." ఎదురుగా కూర్చుంది. "వలట్ల పెట్టు. నీకొకటి చెప్పాల. నీ కొడుకు ఆ రోజు మునగలా."

"నాకు తెల్సు," అంది కాత్తాయి, ఏమాత్రం ఆశ్చర్యం లేకుండా, కొంచెం గర్వంగా. "ఎవురు నమ్మినారు?"

పచ్చయమ్మ మిగతాదంతా చెప్పింది. పట్నం, అడితి, ఆ ఇంకో ఆమె, కామెర్లు, మాసి నెల. ఏదీ దాచలేదు, ఏదీ నెమ్మదిగా చెప్పడం చేతకాలేదు. చెబుతున్నంతసేపూ ముసలామె వేళ్లు వల కన్నుల్లో ఆడుతూనే ఉన్నాయి, ఒక చోట ఆగాయి. వంతు సంగతి అడుగుతుందనుకుంది పచ్చయమ్మ. ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదే అని తిడుతుందనుకుంది. తిడితే పడదామని సిద్ధంగా కూర్చుంది. కాత్తాయి రెండూ అడగలేదు.

"నన్నడిగినాడా?" అంది. "ఆ దేశప్పని ఎప్పుడన్నా, మా యమ్మ ఎట్లుండాదని అడిగినాడా?"

దేశప్ప అలాంటి మాటేదీ ఎన్నడూ చెప్పలేదు. మొదటి ఏడు పచ్చయమ్మే సిగ్గు విడిచి ఆ మాట అడిగితే అతను ముక్కు చీదుకుని తెరచాప సర్దుకోవడానికి వెళ్లిపోయాడు.

"అడిగినాడంట అత్తా," అంది పచ్చయమ్మ. "పడవ పొయ్యినప్పుడల్లా అడిగేవాడంట. కళ్లు కనబడతాండాయా మా యమ్మకి అని."

అప్పుడు కాత్తాయి ఏడ్చింది. ఏడవమని ఊరంతా చెప్పినా ఏడేళ్లు ఏడవని మనిషి, వల మొహానికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. పచ్చయమ్మ ఆ ముసలిదాని వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.